ఫాస్ట్ బ్లేడ్ కొనే ముందు షార్ట్ పుష్ వేసి చూడండి

(ఉన్నత స్థాయి టేబుల్ టెన్నిస్ ఆటగాళ్ల శిక్షణ శిబిరంలో ఒక కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చోటుంది.

పొద్దుటి ప్రాక్టీస్ అయ్యాక ఆరేడుగురు బ్యాట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మాటలు వేరైనా అందరి ప్రశ్నా ఒకటే, బ్లేడ్ గురించి, అంటే రబ్బర్ల కింద ఉండే చెక్క పలక గురించి. "షాట్‌లో ఇంకొంచెం వేగం కావాలి సర్, ఏ బ్లేడ్‌కి మారమంటారు?" ఇవాళ నేను సర్వీస్ మీద మాట్లాడాల్సింది. దాన్ని రేపటికి పెట్టుకుందాం. ఈ ప్రశ్నకి నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు.

మీరంతా లూప్ (బంతిని కింద నుంచి పైకి రాస్తూ టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు తిరిగేలా కొట్టడం), బ్లాక్ (ఎదుటి దెబ్బకి బ్యాట్ అడ్డుపెట్టడం), ఫ్లిక్ (పొట్టి బంతిని మణికట్టుతో చురుగ్గా కొట్టడం) అన్నీ వచ్చినవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పినట్టు "మధ్యస్థంగా వేగం ఉండే ఆల్‌రౌండ్ బ్లేడ్‌తో ఆడుకోండి చాలు" అని మీకు చెప్పను. మీలో కొందరికి ఫాస్ట్ బ్లేడ్ నిజంగానే అవసరం. ఎవరికి అవసరం, ఎంత ఫాస్ట్ కావాలి, అది సరిపడిందో లేదో ఎలా తెలుస్తుంది, ఇవీ ఇవాళ్టి విషయాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్మాష్ కొట్టి చూసి ఫాస్ట్ బ్లేడ్ కొనకండి. షార్ట్ పుష్ వేసి, అంటే బంతి అవతల నెట్ దగ్గరే పడేలా మెల్లగా తోసి, చూసి కొనండి.

బంతి బ్యాట్‌ని తాకి ఉండేది సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. మెల్లగా తాకిస్తే బంతి రబ్బర్ పైపొర దగ్గరే ఆగి వెనక్కి వెళ్తుంది. కాస్త గట్టిగా కొడితే ఆ పైపొర కింది స్పాంజ్‌లోకి దిగుతుంది. పూర్తి బలంతో కొడితే స్పాంజ్ మొత్తం నలిగి, ఆ దెబ్బ చెక్క మీద పడుతుంది. చెక్క కొద్దిగా వంగి మళ్లీ లేస్తుంది. అందుకే చిన్న షాట్‌లో రబ్బర్ మాట ఎక్కువ చెల్లుతుంది, పెద్ద షాట్‌లో చెక్క మాట ఎక్కువ చెల్లుతుంది. కానీ బ్లేడ్ బిరుసుగా ఉండి, పైపొర గట్టి చెక్కై, దాని కిందే కార్బన్ నార పొర ఉంటే, చెక్క చిన్న షాట్‌లోనే మాట్లాడటం మొదలుపెడుతుంది. మీరు బంతిని అలా ఆనించి వదిలేద్దామనుకుంటారు, అది తోసి పంపిస్తుంది.

పెద్ద షాట్‌లో మీ కాళ్లు, నడుము, చెయ్యి కలిసి ఇచ్చే వేగమే అసలు. బ్లేడ్ కలిపేది కొసరు. షార్ట్ పుష్‌లో మీరిచ్చే వేగం దాదాపు ఏమీ ఉండదు. అక్కడ కొసరే అసలై కూర్చుంటుంది. నెట్ నుంచి అవతలి అంచుకి 137 సెంటీమీటర్లు. షార్ట్ బాల్ అనిపించుకోవాలంటే ఆ 137 లోపల బంతి రెండుసార్లు పడాలి. రెండో బౌన్స్ అంచు దాటి నాలుగు వేళ్లు బయటికి పోయిందంటే చాలు, ఈ రోజుల్లో ఎదుటివాళ్లు దాన్ని వదలరు, లూప్ కొట్టేస్తారు. మీ స్మాష్‌కి పెరిగిన వేగం మ్యాచ్‌లో ఐదారుసార్లు పనికొస్తుందేమో. షార్ట్ బాల్ దగ్గర పోయిన అదుపు దాదాపు ప్రతి పాయింట్‌లోనూ మీ ముందుకొస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను ఆడే రోజుల్లో ఒక టోర్నమెంట్‌కి పది రోజుల ముందు బ్లేడ్ మార్చాను. అంతకుముందు ఐదు పొరల చెక్క బ్లేడ్. కొత్తది మందంగా, బిరుసుగా ఉన్న కార్బన్. ప్రాక్టీస్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఫోర్‌హ్యాండ్ కొడుతుంటే బంతి బుల్లెట్‌లా వెళ్లేది, పక్క టేబుల్ వాళ్లు ఆట ఆపి చూసేవాళ్లు. క్వార్టర్ ఫైనల్‌లో ఐదో గేమ్, 9-9. ఎదుటతను నా ఫోర్‌హ్యాండ్ వైపు పొట్టిగా బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే) సర్వీస్ చేశాడు. నేను రోజూ చేసే పుష్షే చేశాను. బంతి ఒక జానెడు ఎక్కువ వెళ్లింది. అతను లూప్ కొట్టాడు, 10-9. తర్వాతి సర్వీస్ కూడా అక్కడికే చేశాడు. ఈసారి నా చెయ్యి భయపడింది. చెయ్యి బంతి కిందికి పూర్తిగా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయింది, బంతి నెట్‌లో పడింది. మ్యాచ్ పోయింది. ఓడినందుకు బాధ రెండు రోజుల్లో తగ్గింది. నా చెయ్యి మధ్యలో ఆగిపోయిన ఆ క్షణం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. పదేళ్లు కష్టపడి నేర్చుకున్న స్ట్రోక్‌ని పది రోజుల్లో బ్లేడ్ మార్చేసింది.

తనకి మించిన వేగం చేతిలో ఉన్నప్పుడు జరిగేది ఇదే. బంతి టేబుల్ దాటిపోతుందేమోనన్న టెన్షన్‌తో చెయ్యి తెలియకుండానే బ్రేక్ వేస్తుంది. మన శిబిరంలోనే, పేరు చెప్పను, ఒక అబ్బాయి ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ ఇదివరకు నుదురు దాకా వచ్చి ఆగేది. బ్లేడ్ మార్చిన నెలకి చూస్తే ఛాతీ దగ్గరే ఆగిపోతోంది. మోచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోయింది. అతనికి ఆ సంగతే తెలియదు. వీడియో చూపిస్తే నమ్మలేకపోయాడు. పాత బ్లేడ్‌తో పూర్తి స్వింగ్ వేసినప్పుడు బంతి ఎంత వేగంగా వెళ్లేదో, కొత్త బ్లేడ్‌తో సగం స్వింగ్‌కీ అంతే వేగం వస్తోంది, కాకపోతే స్పిన్ సగం పోయింది. వేగం కోసం మారి, స్పిన్ పోగొట్టుకుని, మళ్లీ అదే వేగం దగ్గర నిలబడ్డాడు.

సరే, ఇప్పుడు చెక్క సంగతి చూద్దాం.

బ్లేడ్ వేగాన్ని నిర్ణయించే వాటిలో మందం ముఖ్యమైనది. పలక ఏదైనా సరే, దాని బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది. చెక్క అదే, పొరలు అవే ఉండి, మందం 5.8 మిల్లీమీటర్ల నుంచి 6.4 కి పెరిగిందనుకోండి. తేడా 0.6 మిల్లీమీటర్లు, రెండు విజిటింగ్ కార్డులంత. లెక్క వేస్తే బిరుసు మూడో వంతుకి పైగా పెరుగుతుంది. అందుకని బ్లేడ్ వివరాలు చదివేటప్పుడు నేను మొదట చూసేది మందం. కంపెనీవాళ్లు వేసే స్పీడ్ నంబర్లు ఆ తర్వాత చూస్తాను, వాటినీ పెద్దగా పట్టించుకోను. దూకుడు ఆటకి పనికొచ్చే బ్లేడ్ల మీద వేగాన్ని బట్టి ఆఫ్ మైనస్, ఆఫ్, ఆఫ్ ప్లస్ అని రాస్తారు కదా, వాటికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఎవరి స్కేలు వారిది. ఒకరి ఆఫ్, ఇంకొకరి ఆఫ్ ప్లస్ కంటే ఫాస్ట్‌గా ఉండొచ్చు. ఒకే కంపెనీ బ్లేడ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రం ఆ నంబర్లు పనికొస్తాయి.

మందం తర్వాత పైపొర. మీ చేతికి తెలిసే స్పర్శలో పెద్ద భాగం దానిదే. కోటో గట్టి చెక్క, బంతి తాకగానే చురుగ్గా వదులుతుంది, తాకిన సంగతి చేతికి స్పష్టంగా తెలుస్తుంది. లింబా అంతకంటే మెత్తన, బంతిని కాస్త పట్టుకుని వదిలినట్టు ఉంటుంది. హినోకి జపాన్‌లో పెరిగే సైప్రస్ జాతి చెట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి వాసన వస్తుంది. మెత్తగా ఉంటూనే గట్టిగా కొట్టినప్పుడు మంచి వేగం ఇస్తుంది. మధ్యలో ఉండే మందపాటి పొర ఎక్కువగా కిరి గానీ అయూస్ గానీ అయి ఉంటుంది. కిరి చాలా తేలిక. కార్బన్ బ్లేడ్లలో ఎక్కువగా కనిపించేది అదే. ఏడు పొరల చెక్క బ్లేడ్లలో అయూస్, లింబా కలిసి వస్తాయి. స్టిగా కంపెనీ క్లిప్పర్ ఆ తరహాదే. కార్బన్ లేకుండా వేగం కావాలి, దగ్గర నిలబడి బ్లాక్ చెయ్యాలి, ఫ్లాట్‌గా, అంటే పెద్దగా స్పిన్ లేకుండా కొట్టాలి అనుకునేవాళ్లకి ఏడు పొరల బ్లేడ్ గట్టి ఎంపిక. కార్బన్ మోజులో మనవాళ్లు దాన్ని మర్చిపోతున్నారని నాకు బాధ.

చెక్క అంటే స్లో అనుకునేవాళ్లకి ఒక్క ఉదాహరణ. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ పురుషుల సింగిల్స్ ఫైనల్‌లో వాంగ్ హావోని ఓడించి స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు రియు సెంగ్-మిన్ చేతిలో ఉన్నది ఒకే ఒక్క హినోకి పలకతో చేసిన పెన్‌హోల్డ్ (పెన్ను పట్టినట్టు పట్టుకునే) బ్లేడ్. ఫైబర్ లేదు, పొరలు లేవు. ఆ రకం బ్లేడ్లు తొమ్మిది, పది మిల్లీమీటర్ల మందం ఉంటాయి. బంతి వాటిలోకి దిగి, అక్కడి నుంచి ఎగిరి వెళ్లినట్టు ఉంటుంది. బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి ఫోర్‌హ్యాండ్ మూలకి పరిగెత్తి కొట్టే ఆ ఆటకి ఆ చెక్క సరిపోయింది. చెయ్యి కలిపినట్టు పట్టుకునే మన షేక్‌హ్యాండ్ గ్రిప్‌కి అంత మందం పనికిరాదు, అది వేరే విషయం.

ఇక కార్బన్. నియమం ఏం చెబుతుందో ముందు చూద్దాం. బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. లోపల జిగురు పొరల్లో కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ లాంటివి కలపొచ్చు గానీ, అలాంటి పొర ఏదైనా మొత్తం మందంలో 7.5 శాతాన్ని గానీ 0.35 మిల్లీమీటర్లని గానీ, రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని, దాటకూడదు. 5.8 మిల్లీమీటర్ల బ్లేడ్‌కి 7.5 శాతం అంటే 0.435. కాబట్టి అసలు హద్దు 0.35. గోరంత మందం కూడా లేని ఆ పొర బ్లేడ్ స్వభావాన్నే మార్చేస్తుంది. నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది, బ్యాట్ ఏ సైజులోనైనా, ఏ ఆకారంలోనైనా, ఎంత బరువైనా ఉండొచ్చు, బ్లేడ్ చదునుగా, బిరుసుగా ఉంటే చాలు. స్వీడన్ ఆటగాడు ట్రుల్స్ మోరెగార్డ్ గుండ్రంగా కాకుండా కోణాలున్న బ్లేడ్‌తో ఆడి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది అందుకే సాధ్యమైంది.

కార్బన్ చేసే మేలు వేగం ఒక్కటే కాదు. బ్లేడ్ మధ్యలో తగలకుండా అంచు వైపు తగిలిన బంతి కూడా బాగానే వెళ్తుంది. మంచి షాట్ వచ్చే చోటు విశాలమవుతుంది. దూరం నుంచి కౌంటర్ లూప్, అంటే లూప్‌కి లూప్‌తోనే బదులు, ఆడేవాళ్లకి ఇది వరం. అయితే కార్బన్‌లో రకాలున్నాయి. ఒట్టి కార్బన్ బిరుసుగా ఉంటుంది. ఆరిలేట్ అనే నారని కార్బన్‌తో కలిపి నేసినదాన్ని ఏఎల్‌సీ అంటారు. ఆరిలేట్ అదురుని కొంత మింగేస్తుంది కాబట్టి వేగం ఉన్నా చేతికి మెత్తగా తగులుతుంది. జైలాన్ నారతో కలిపినది జెడ్‌ఎల్‌సీ, అందులో ఎగదన్నే గుణం ఇంకా ఎక్కువ. మీలో చాలామందికి ఏఎల్‌సీ దగ్గర ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఏ ఫైబర్ అన్నదానికంటే అది ఎక్కడుంది అన్నది ముఖ్యం. పైపొర కిందే ఉంటే ఔటర్, మధ్య పొరని ఆనుకుని ఉంటే ఇన్నర్ అంటాం. బటర్‌ఫ్లై కంపెనీ విస్కారియా 1993 లో వచ్చింది. పైన కోటో, దాని కిందే ఏఎల్‌సీ, తర్వాత లింబా, మధ్యలో కిరి. ఆ కూర్పుని ఎంతమంది అనుసరించారో లెక్కలేదు. అది ఔటర్. చిన్న తాకుడు నుంచి పెద్ద షాట్ దాకా కార్బన్ ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఇన్నర్‌లో అలా కాదు. మెల్లగా ఆడినంతసేపూ ఒట్టి చెక్క బ్లేడ్ లాగే ఉంటుంది, గట్టిగా కొట్టినప్పుడే లోపలి కార్బన్ అందుకుంటుంది. నేను ఇందాకటి నుంచి చెబుతున్న షార్ట్ బాల్ సమస్యకి ఇన్నర్ ఫైబర్ చాలా వరకు జవాబు. రెండు ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన చైనా ఆటగాడు మా లాంగ్ పేరుతో వచ్చిన హరికేన్ లాంగ్ 5 బ్లేడ్ ఇన్నర్ కూర్పు. పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఫాన్ జెన్‌డాంగ్‌ది విస్కారియా తరహా ఔటర్. ఇద్దరూ ఇద్దరే. కాబట్టి "గొప్పవాళ్లు ఏది వాడతారు" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. వాళ్ల ఆట వేరు, వాళ్లు వేసే రబ్బర్లు వేరు, రోజుకి ఎన్ని గంటలు ఆడతారో మీకు తెలుసు.

(సభలోంచి ఒక ప్రశ్న: ఇదివరకటి ఆటగాళ్లు చాలామంది చెక్క బ్లేడ్లతోనే ఆడేవారు కదా, ఇప్పుడు కార్బన్ ఎందుకింత పెరిగింది?)

మంచి ప్రశ్న అమ్మా. మూడు మార్పులు గుర్తుపెట్టుకో. 2000 లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40 కి పెరిగింది. బంతి పెద్దదైతే గాలి ఎక్కువ అడ్డుకుంటుంది, వేగం, స్పిన్ రెండూ తగ్గుతాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తర్వాత స్పీడ్ గ్లూ ఆపేశారు. ఆటకి ముందు ఆ జిగురు పూస్తే స్పాంజ్ ఉబ్బి, మెత్తటి చెక్క బ్లేడ్ కూడా "ఠంగ్"మని కొట్టేది. ఆ సాయం పోయింది. 2014 లో సెల్యులాయిడ్ బదులు ప్లాస్టిక్ బంతి వచ్చింది, స్పిన్ ఇంకొంత తగ్గింది. ఇలా పోతూ వచ్చిన వేగాన్ని రబ్బర్‌లోంచి, బ్లేడ్‌లోంచి తిరిగి రాబట్టుకోవాల్సి వచ్చింది. మీ తరం కార్బన్ వైపు వెళ్లడం తప్పు కాదు, దానికి కారణం ఉంది. అయితే మారేటప్పుడు ఒక్కో మెట్టూ ఎక్కండి. ఐదు పొరల చెక్క బ్లేడ్‌తో ఆడేవాళ్లు ఇన్నర్ ఏఎల్‌సీకి వెళ్లండి. ఒక సీజన్ దాంతో ఆడాక కూడా దూరం నుంచి కొట్టే బంతులు తేలిపోతున్నాయనిపిస్తే అప్పుడు ఔటర్.

ఇంతకీ ఫాస్ట్ బ్లేడ్ ఎవరికి కావాలి? టేబుల్‌ని అంటిపెట్టుకుని ఎదుటివాళ్ల వేగాన్నే వాడుకుంటూ బ్లాక్ చేసేవాళ్లకి, షార్ట్ పింపుల్స్ (పైకి పొట్టి బుడిపెలున్న రబ్బర్) తో ఫ్లాట్‌గా కొట్టేవాళ్లకి, రెండు మీటర్లు వెనక నుంచి లూప్‌కి లూప్ ఆడేవాళ్లకి. స్వింగ్ పూర్తిగా, నిలకడగా ఉండి, అయినా ఎదుటివాళ్లు మీ బంతిని తీరిగ్గా అందుకుంటున్నారంటే, అప్పుడు లోటు బ్లేడ్‌లో ఉందనుకోవచ్చు. బంతిని పల్చగా రాసి స్పిన్‌తో గెలిచేవాళ్లకి, షార్ట్ గేమ్‌తో పాయింట్ కట్టుకునేవాళ్లకి ఆఫ్ ప్లస్ అవసరం లేదు. మీరు ఎవరో మీకు తెలియకపోతే మీ గత ఐదు మ్యాచ్‌ల వీడియోలు చూడండి. పాయింట్లు ఎక్కడ పోయాయో కాగితం మీద రాసుకోండి. రిసీవ్ దగ్గరే, అంటే ఎదుటివాళ్ల సర్వీస్‌ని తిరిగి పంపే చోటే, సగం పోయి ఉంటే, ఫాస్ట్ బ్లేడ్ ఆ సగాన్ని ముప్పావు చేస్తుంది.

పరీక్ష ఎలా చెయ్యాలో చెబుతాను. అరువు తెచ్చుకున్న బ్యాట్‌తో ఐదు నిమిషాలు ఫోర్‌హ్యాండ్ ర్యాలీ ఆడి "బాగుంది" అనేస్తాం. ర్యాలీలో ప్రతి ఫాస్ట్ బ్లేడూ బాగుంటుంది. మీ రబ్బర్లు ఊడదీసి ఆ బ్లేడ్‌కి వేసుకోండి. వేరే రబ్బర్లతో చూస్తే మీకు తెలిసేది బ్లేడ్ గురించా రబ్బర్ గురించా అన్నది తేలదు. తర్వాత ఒకరిని పొట్టిగా బ్యాక్‌స్పిన్ సర్వీస్ చెయ్యమనండి, స్పిన్ ఒక్కోసారి ఒక్కోలా మార్చమనండి. మీరు ఇరవై బంతులు షార్ట్ పుష్ చెయ్యండి. మూడో మనిషి అవతలి అంచు దగ్గర కూర్చుని రెండో బౌన్స్ టేబుల్ మీద పడిందా లేదా గీతలు పెట్టాలి. పాత బ్లేడ్‌తో పద్నాలుగు వచ్చి కొత్తదానితో ఎనిమిదే వస్తే కంగారుపడకండి. వారం తర్వాత మళ్లీ చూడండి, మూడు వారాల తర్వాత మళ్లీ చూడండి. చెయ్యి నేర్చుకుంటుంది. మూడు వారాలకి కూడా పాత లెక్క దగ్గరికి రాకపోతే అది మీ బ్లేడ్ కాదు, ఎంత డబ్బు పోసి కొన్నా సరే.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. గట్టి బ్యాక్‌స్పిన్ ఉన్న బంతిని అరవై శాతం బలంతో, మెల్లగా, ఎత్తుగా, స్పిన్ నిండుగా లూప్ చెయ్యండి. వరుసగా పది. బిరుసు బ్లేడ్ బంతిని తొందరగా, పల్లంగా వదిలేస్తుంది, అందువల్ల మెల్లని లూప్ నెట్‌కి తగులుతుంది. అది తప్పించుకోవడానికి మీరు ప్రతి బంతినీ గట్టిగా కొట్టడం మొదలుపెడతారు. మ్యాచ్‌లో 8-8 దగ్గర కాళ్లు బరువెక్కినప్పుడు గట్టిగా కొట్టే ఓపిక ఉండదు. అప్పుడు మెల్లని లూప్ వచ్చే బ్లేడే మిమ్మల్ని కాపాడుతుంది. అందుకే ఈ పరీక్ష పొద్దున్నే చెయ్యొద్దు. రెండు గంటల ప్రాక్టీస్ అయ్యాక, చెమటలు కారుతున్నప్పుడు చెయ్యండి.

బరువు గురించి ఎవరూ అడగలేదు. అడగాల్సింది. ఒకే మోడల్, ఒకే కంపెనీ, ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బ్లేడ్లు ఇవిగో, నిన్న తూచాను. ఇది 84 గ్రాములు, ఇది 92. చెక్క చెట్టు నుంచి వస్తుంది, ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవు. వేలి కణుపుతో కొట్టి చూస్తాను, వినండి. (కొట్టి చూపించారు.) మొదటిది "టొక్" అంటోంది, రెండోది "టిక్" అంటోంది. స్వరం పైకి ఉన్నది ఎక్కువ బిరుసు. పేరు ఒకటే అయినా ఆడేటప్పుడు ఇవి రెండు వేర్వేరు బ్లేడ్లు. కొనేటప్పుడు బరువు అడిగి కొనండి, కుదిరితే చెవి దగ్గర పెట్టి కొట్టి చూసి కొనండి.

88 గ్రాముల బ్లేడ్‌కి ఒకవైపు 47 గ్రాముల రబ్బర్, ఇంకోవైపు 50 గ్రాముల రబ్బర్ వేస్తే 185. జిగురు, అంచు టేపు కలిస్తే ఇంకో రెండు మూడు గ్రాములు. ఇది చాలామంది మోయగలిగే బరువు. 195 దాటితే బ్యాక్‌హ్యాండ్ నుంచి ఫోర్‌హ్యాండ్‌కి తిప్పడంలో ఆలస్యం మొదలవుతుంది, మణికట్టు, భుజం కూడా చెబుతాయి. బరువు ఎంతో తెలిస్తే చాలదు, ఎక్కడుందో కూడా చూడాలి. బ్యాట్‌ని ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. నిలిచే చోటు తల వైపు జరిగే కొద్దీ అదే బరువు ఎక్కువగా అనిపిస్తుంది. మరీ తేలికైన బ్లేడ్ కూడా మంచిది కాదు. ఎదుటివాళ్లు బలంగా కొట్టిన బంతిని బ్లాక్ చేసేటప్పుడు చేతిలో బ్యాట్ వణుకుతుంది.

రబ్బర్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఇంకో రోజు ప్రసంగం. హరికేన్ 3 లాంటి జిగట, గట్టి స్పాంజ్ ఉన్న రబ్బర్ మెల్లని షాట్‌లో పెద్దగా ఎగదన్నదు, కాబట్టి ఔటర్ కార్బన్‌తో బాగా కలుస్తుంది, షార్ట్ బాల్ అదుపులో ఉంటుంది. కానీ దాంతో వేగం రావాలంటే ఒళ్లు మొత్తం వాడాలి. టెనర్జీ లాంటి ఎగిరే రబ్బర్ ఇన్నర్ బ్లేడ్ మీద గానీ ఏడు పొరల చెక్క మీద గానీ నాకు నచ్చుతుంది. ఎగిరే బ్లేడ్ మీద ఎగిరే రబ్బర్, అదీ రెండువైపులా వేసుకున్నవాళ్లు ఈ హాల్లో నలుగురైనా ఉన్నారు. మీ రిసీవ్ ఎందుకు పొడుగవుతోందో మీరే ఆలోచించండి. బ్లేడ్, రబ్బర్ రెండూ ఒకేసారి మాత్రం మార్చకండి.

హ్యాండిల్ విషయం మీ చెయ్యే చెబుతుంది. చివర వెడల్పయ్యే ఫ్లేర్డ్ హ్యాండిల్ చేతిలోంచి జారదు, సర్దుకుపోతుంది. స్ట్రెయిట్ హ్యాండిల్‌తో గ్రిప్ మార్చుకోవడం తేలిక. కొత్త బ్లేడ్‌లో చూపుడువేలు, బొటనవేలు ఆనే చోట అంచు పదునుగా ఉంటుంది. సన్నని ఉప్పు కాగితంతో అక్కడ మాత్రమే, రబ్బర్ వేసే చోటు తగలకుండా, కొద్దికొద్దిగా రుద్దండి. వేలు ఒరుసుకుపోయి బొబ్బ వచ్చిందంటే గ్రిప్ వదులవుతుంది, గ్రిప్ వదులైతే బ్యాక్‌హ్యాండ్ పోతుంది. నేను ప్రతి కొత్త బ్లేడ్‌కీ అరగంట దీనికే కేటాయిస్తాను.

(ఇంకో ప్రశ్న: స్పేర్ బ్యాట్ కూడా అదే బ్లేడ్ ఉండాలా?)

ఉండాలి. మ్యాచ్ మధ్యలో ఇష్టం వచ్చినట్టు బ్యాట్ మార్చడానికి వీల్లేదు. అనుకోకుండా, ఆడలేనంతగా దెబ్బతింటేనే మార్చనిస్తారు. అంటే స్పేర్ బ్యాట్ చేతికొచ్చేది మీ మనసు అసలే చెదిరి ఉన్నప్పుడు. అప్పుడు వేరే బ్లేడ్‌తో అలవాటు పడే తీరిక ఉండదు. అదే మోడల్, అదే హ్యాండిల్, బరువు రెండు మూడు గ్రాముల తేడాలో ఉన్నది చూసుకోండి. వారంలో ఒక రోజు దాంతోనే ఆడండి.

రబ్బర్ ఊడదీసేటప్పుడు కూడా జాగ్రత్త. లింబా, హినోకి పైపొరలు పీచు లేస్తాయి. విసురుగా లాగకండి, ఒక మూల నుంచి రబ్బర్‌ని బాగా వంచి, బ్లేడ్‌కి ఆనించినట్టుగా నిదానంగా వలవండి. మొదటిసారి రబ్బర్ వేసే ముందే పల్చగా ఒక్క పూత వార్నిష్ వేస్తే చాలు. మందంగా వేస్తే పైపొర గట్టిపడి, మీరు కొన్న బ్లేడ్ ఇంకో బ్లేడ్ అవుతుంది.

ఇక లేవండి. నాలుగు టేబుళ్లు ఖాళీగా ఉన్నాయి. పొద్దున నన్ను అడిగినవాళ్లు మీ బ్యాట్లు తీసుకుని ఇటువైపు నిలబడండి. మిగిలినవాళ్లలో ఒక్కొక్కరు సర్వీస్‌కి, ఒక్కొక్కరు కాగితం, పెన్సిల్ తీసుకుని అవతలి అంచు దగ్గరికి వెళ్లండి. ఒక్కొక్కరికి ఇరవై బంతులు. రెండో బౌన్స్ టేబుల్ మీద పడితేనే గీత పెట్టాలి. అంచుకి తగిలిందా లేదా అని అనుమానం వస్తే గీత పెట్టకండి.